పైపు ఫైలు

దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం తెరిచిననాడు నా చేతిలో ఉన్నవి ఇవి: పాతవి కొన్న మూడు కంప్యూటర్లు, రెండో అంతస్తులో కిరాయికి తీసుకున్న గది, ఒక స్పైరల్ బైండింగ్ మిషను, ఎం.టెక్ చదివి ఉద్యోగం దొరకని ప్రసన్న, ఒక పెన్‌డ్రైవ్‌లో పైపు ఫైలు. వీటిలో నన్ను నిలబెట్టింది చివరిది.

నేను అమ్మే సరుకు ఏమిటో ముందు చెప్పాలి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు ఒక ప్రాజెక్టు చేసి కాలేజీకి ఇవ్వాలి. చేసే ఓపిక పిల్లల్లో చాలామందికి ఉండదు. దగ్గరుండి చేయించే ఓపిక కాలేజీలకు ఉండదు. అందుకే ఎండాకాలం మొదలయ్యే వేళకు వాళ్లంతా మా గల్లీకి వస్తారు. మెట్రో పిల్లర్ల పక్కనుంచి లోపలికి తిరిగితే ప్రతి మెట్ల దారి మీదా ప్రాజెక్టు సెంటర్ల బోర్డులే. ఎవరి లైను వారిది. నాది మెకానికల్.

అంతకుముందు మలక్‌పేటలో ఉల్లిగడ్డల కమీషన్ దుకాణంలో పనిచేశాను. అక్కడ నేర్చుకున్న విద్యే ఇక్కడా వాడాను. ఏ సరుకైనా చూడాల్సినవి రెండే: నిలవ ఉంటుందా, మళ్లీ మళ్లీ అమ్ముడుపోతుందా. ఉల్లిగడ్డ వాన తగిలితే కుళ్లుతుంది, పట్టించుకోకపోతే మొలకెత్తుతుంది. ఫైలుకు ఆ బాధ లేదు.

పైపులో నీళ్లు పోయేటప్పుడు లోపల ఎట్లా కదులుతున్నాయో కంప్యూటర్‌తో లెక్క కట్టించి రంగుల బొమ్మగా చూపేది పైపు ఫైలు. సెంటర్ మూసేసి సొంతూరు పోతున్న ఒకాయన కంప్యూటర్లతో పాటు దాన్నీ నాకు ఇచ్చిపోయాడు. గోడల దగ్గర నీలం, లోపలికి జరిగే కొద్దీ ఆకుపచ్చ, పసుపు, నట్టనడుమ ఎరుపు. ఉల్లిగడ్డను నిలువునా కోసినట్టు పొర మీద పొర. చూసినవాళ్లకు కళ్లు చల్లబడేవి. కాలేజీ పేరు, పిల్లల పేర్లు మార్చి, పైపు కొలత కొంచెం అటూ ఇటూ చేసి వదిలిపెడితే చాయ్ తాగి వచ్చేలోపు బొమ్మ తయారయ్యేది.

ప్రసన్న మొదటిరోజే దాన్ని తెరిచి చూసి మొహం ముడుచుకుంది. వాళ్లది గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం. మాటలో ఆ యాస పోలేదు.

“సార్, ఇందులో లామినార్ అని పెట్టి ఉందండి,” అంది.

“అంటే ఏందమ్మా?”

వరండాలో చేతులు కడుక్కునే నల్లా దగ్గరికి నన్ను తీసుకుపోయింది. కొంచెం తిప్పింది. నీళ్లు గాజు కడ్డీలా కదలకుండా కిందికి దిగాయి.

“ఇది లామినార్. ఏ పొర దారిన ఆ పొర పోతుంది. ఇప్పుడు చూడండి.” నల్లా పూర్తిగా తిప్పింది. నీళ్లు తెల్లగా చెదిరి నా చొక్కా తడిపాయి. “ఇది టర్బులెంట్. అన్నీ సుడులే. ఒక పొర ఇంకో పొరలోకి దూరి కలబడుతుంది. ఆ కొట్లాటలో తోసే బలం ఖర్చయిపోతుంది. మన ఇళ్ల పైపుల్లో, రోడ్ల కింద పైపుల్లో నీళ్లు దాదాపు ఎప్పుడూ ఇలాగే పోతాయండి.”

“మరి ఫైల్ల గట్ల లేదు గద?”

“ఏ లెక్కన కట్టాలో మనమే చెప్పాలి. లామినార్ అని నొక్కితే ఆ లెక్కే కడుతుంది. నీళ్లు నిజంగా అలా పోతాయా అని సాఫ్ట్‌వేర్ మనల్ని అడగదు.”

“పిలగాండ్లు అడుగుతరా?”

“అడగరు.”

“వాళ్ల సార్లు?”

“బొమ్మ కలర్ ప్రింటా, బ్లాక్ అండ్ వైటా అని అడుగుతారు.”

“ఇగ మనకెందుకు పరేషాన్? చొక్కా తడిపినవ్ గని, ఆ ఫ్యాన్ జర ఎక్కువ పెట్టు,” అన్నాను.

ఆమె నవ్వింది. ఆ తర్వాత ఏటేటా ఆ ఫైలు ఎంతమందికి అమ్మామో నేను గుర్తుపెట్టుకోలేదు. టర్బులెంట్ కావాలని అడిగినవాళ్లకు ప్రసన్న అదీ చేసి ఇచ్చేది. కానీ దానికి గంటలు పట్టేది, కంప్యూటర్ వేడెక్కేది, బొమ్మ అంత నున్నగా వచ్చేది కాదు. గిరాకీ లామినార్‌దే.

మా కాంప్లెక్స్ సెల్లార్‌లో స్టడీ హాలు ఉండేది. నడిపేవాడు జైపాల్, మా బిల్డింగు ఓనరుకు తమ్ముడు. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దుటి నుంచి అక్కడే కూర్చునేవారు. బల్లకూ బల్లకూ మధ్య చెక్క అడ్డం, ఒక ట్యూబ్‌లైటు, ఒక ప్లగ్గు. దూరంగా చివర మూలలో ఏసీ కింద ఉన్న సీటు కోసం పోటీ ఉండేది. ఆ సీటు మా అక్క బిడ్డ జ్యోతికది. ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే ఉండి మెట్రోలో వచ్చేది. నేను పైన వ్యాపారం, ఆమె కింద చదువు. మధ్యాహ్నం పైకి వచ్చి నా డబ్బాలో కూర సగం తినిపోయేది.

మా గల్లీ పల్లంలో ఉంది. గట్టి వాన పడితే పై కాలనీల నీళ్లన్నీ ఇటే వస్తాయి. అందుకని మబ్బు పట్టగానే హాలు ఖాళీ చేయించేవారు. వాచ్‌మన్ మెట్ల మీద నిలబడి స్టీలు ప్లేటు కొట్టేవాడు. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పైకి వచ్చి మా వరండా అంతా నిండేవారు. సెల్లార్‌లోకి దిగిన నీళ్లను మోటరు తోడి, బిల్డింగు పక్కనుంచి గల్లీ కింద వేసిన పైపు గుండా వెనక నాలాలోకి పంపేది. నీళ్లు పోయేసరికి ఒకటి రెండు రోజులు పట్టేది.

పోయిన ఏడాది వానాకాలం ముందర జైపాల్ మా గదికి వచ్చాడు. చేతిలో మున్సిపల్ ఆఫీసు నోటీసు ఉంది. సెల్లార్‌లో మనుషులను కూర్చోబెట్టాలంటే నీళ్లు బయటికి పోయే ఏర్పాటు సరిపోతుందని ఇంజనీరు సంతకంతో రిపోర్టు పెట్టాలట.

“సంతకం పెట్టెటాయన దొరికిండు తమ్మీ. రిటైరైన పెద్దమనిషి. కంప్యూటర్ లెక్క కాయితం తెస్తే కళ్లు మూసుకుని పెడ్తా అన్నడు. నీ దగ్గర పైపు ఫైలు ఉన్నది గద, గా పేరు తీసి నా పేరు ఎయ్యి.”

“నీ పైపు కొలత వేరే గదా అన్నా.”

“కొలత తెచ్చిన. మోటరు బిల్లు గూడ తెచ్చిన. నేను అన్ని ఎరుకతోనే వస్తా.”

ప్రసన్న కొలతలు తీసుకుంది. పైపు వెడల్పు, పొడుగు, ఎక్కడెక్కడ వంపులున్నాయి, మోటరు ఎంత తోస్తుంది, అన్నీ వేసింది. పొద్దున ఒక కంప్యూటర్‌లో పాత ఫైలు లెక్క నడిపింది. ఇంకో కంప్యూటర్‌లో టర్బులెంట్ లెక్క పెట్టింది. మొదటిది వెంటనే అయిపోయింది. రెండోది మధ్యాహ్నం దాటినా నడుస్తూనే ఉంది. జైపాల్ మళ్లీ వచ్చేసరికి రెండు బొమ్మలూ పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఉల్లిగడ్డ పొరలు. ఇంకోదానిలో ఎరుపు పైపు నిండా పరుచుకుంది, వంపు వచ్చిన ప్రతిచోటా చిరిగిన గుడ్డలా సుడులు.

“గిదేంది, మా ఇంట్ల పెండ్లి పంచాయితీ లెక్కున్నది,” అన్నాడు జైపాల్ సుడులు చూసి. “గీ మొదటిది మంచిగుంది. గిదే ప్రింట్ కొట్టు చెల్లె.”

“అది మీ పైపు కాదండి,” అంది ప్రసన్న.

“నా కొలతలే గద ఏసింది?”

“కొలతలు మీవే. నీళ్లు మీవి కావు. ఇంత వేగంగా పోయే నీళ్లు పొరలుగా పోవండి. పొరలుగా పోతాయని లెక్క కడితే పైపు గోడ నీళ్లను పట్టుకోనే పట్టుకోదు, మోటరు తోసిందంతా నాలాలో పడుతుందని వస్తుంది. నిజం లెక్కలో మోటరు బలమంతా ఆ పొడుగు పైపులోనే, ఆ వంపుల్లోనే అయిపోతుంది. గట్టి వాన పడితే వచ్చే నీళ్లలో సగం కూడా బయటికి పోవు. పెద్ద పైపు వెయ్యాలి.”

“పెద్ద పైపు ఎయ్యాలంటే గల్లీ తవ్వాలె. తవ్వాలంటే పర్మిషన్ గావాలె. పర్మిషన్ వచ్చేసరికి పరీక్షలయిపోయి పోరగాండ్లు ఊర్లకు పోతరు. నాకు హాలు మిగుల్తది, పిల్లలు మిగలరు.” నా వైపు తిరిగాడు. “తమ్మీ, నువ్వు చెప్పు. నువ్వు దునియా జూసినోనివి.”

నేను లెక్క వేసుకున్నాను. కాలేజీకి పోయే రిపోర్టు అలమారాలో పడి ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు. ఇది ఆఫీసు ఫైలులోకి పోతుంది. సెల్లార్‌లోకి నీళ్లు వచ్చిననాడు మొదట తెరిచేది దాన్నే. అట్ట మీద నా సెంటర్ పేరు ఉంటుంది. వచ్చేది చిన్నది, పోయేది పెద్దది.

“నాతోని కాదన్నా,” అన్నాను. “నేను పిల్లల ప్రాజెక్టులే చేస్తా. గిసువంటివి చెయ్య.”

జైపాల్ నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం కూడా పడలేదు. “గల్లీల నీదొక్కటే దుకాణమా తమ్మీ,” అని దిగిపోయాడు.

వారం తిరగకముందే సెల్లార్ మెట్ల దగ్గర ఫ్రేము కట్టిన రిపోర్టు వేలాడింది. పైన సంతకం, ముద్ర. నడుమ ఉల్లిగడ్డ పొరల బొమ్మ. కింద “నీటి ప్రవాహం సాఫీగా ఉంది” అని పెద్ద అక్షరాలు. వాచ్‌మన్‌కు ఇక ప్లేటు కొట్టనవసరం లేదని చెప్పారు. మబ్బు పట్టినప్పుడల్లా హాలు మూసినందుకు పిల్లలు ఆ రోజుల పైసలు తిరిగి అడుగుతున్నారట. ఆ తలనొప్పి కూడా తీరిందన్నాడు జైపాల్.

ఫ్రేములో ఒక మూలన చేసిన సెంటర్ పేరు చూశాను. సతీష్ సెంటర్. మా ఎదురు మెట్లే. సతీష్ నాకు తెలిసినవాడే. బీటెక్ అప్పుడు నా దగ్గర ప్రాజెక్టు కొన్నాడు, ఆ తర్వాత తనే సెంటర్ పెట్టాడు. గల్లీ దాటి పోయాను.

“రండి సార్, కూర్చోండి. చాయ్ చెప్త,” అన్నాడు.

“చాయ్ తర్వాత. జైపాల్‌కు ఇచ్చిన రిపోర్టు నువ్వే చేసినవా?”

“నేనే సార్. మంచిగ రాలేదా?”

“నీళ్లు గట్ల పోవంట గదరా. సుడుల లెక్క కట్టాల్నంట.”

సతీష్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. డ్రాయర్ తీసి తన బీటెక్ రిపోర్టు తీశాడు. నా బైండింగ్, నా సెంటర్ స్టిక్కరు. పేజీ తిప్పి చూపించాడు.

“పైపుకు లామినార్ పెట్టాలె గద సార్. మీరు ఇచ్చిందాంట్ల గట్లనే ఉన్నది. నేను దాన్నే చూసి నేర్చుకున్న. విమానం రెక్కకైతే టర్బులెంట్, పైపుకైతే లామినార్. మా వైవాల గూడ గదే చెప్పిన, సార్లు శబాష్ అన్నరు.”

“ప్రసన్న కాదంటున్నది.”

“ప్రసన్న మేడమ్ పెద్ద చదువు చదివింది సార్, నాకు తెల్వదు. మీరు తప్పంటె చెప్పుండ్రి, నేను జైపాలన్నకు చెప్త. గని మీ ఫైలే తప్పని చెప్పాల్సొస్తది.” బెదిరింపు కాదది. ఉన్నమాటే అన్నాడు. “గీ గల్లీల ఎవ్వరి దగ్గర జూసినా గదే ఫైలు సార్. అందరం మీ దగ్గర్నుంచో, మీ దగ్గర కొన్నోళ్ల దగ్గర్నుంచో తీసుకున్నోళ్లమే.”

చాయ్ వచ్చింది. తాగి లేచాను.

జైపాల్‌తో కూడా మాట్లాడాను, మాట్లాడలేదని కాదు. హాలు ముందర మోటరు తుడిపిస్తున్నాడు.

“అన్నా, ప్లేటు కొట్టుడు ఆపకు. రిపోర్టు ఉంటే ఉండనీ, మబ్బు పడితే పిల్లలను పైకి పంపు.”

“నువ్వు ఇయ్యలే, వేరేటోడు ఇచ్చిండు. అయిపాయె. నీకేంది బాధ?” అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. “మా అన్న గూడ అడిగిండు. రెండో అంతస్తు పిలగాడు మనోడేనా కాదా అని. మనోడే అని చెప్పిన.”

కిరాయి కాగితం మళ్లీ రాయాల్సిన నెల అది. నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం ప్రసన్న సుడుల బొమ్మ ప్రింటు తీసి, కింద నాలుగు ముక్కలు తేలిక తెలుగులో రాసి, మెట్ల దగ్గర ఫ్రేము పక్కన అంటిస్తానంది. వద్దన్నాను. బజారులో మాకు ఒక పద్ధతి ఉంది. పక్క దుకాణం సరుకు బాగాలేదని గిరాకీ ముందు అనకూడదు. ఉల్లిగడ్డల దగ్గర అంతే, ఇక్కడా అంతే. ఈరోజు నేను అతని సరుకు కుళ్లిందంటే రేపు అతను నాది కుళ్లిందంటాడు, ఇద్దరి దగ్గరా ఎవరూ కొనరు. మనవాళ్లయితే పక్కకు పిలిచి వేరేచోట కొనుక్కో అంటాం, ఎందుకో చెప్పం.

“సరుకు కాదు కదండి ఇది,” అంది ప్రసన్న.

“నువ్వు ఎనిమిదింటికి వనస్థలిపురం పోతవ్. నేను గీ బిల్డింగుల ఉండాలె.”

ఆమె ప్రింటు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

పద్ధతి ప్రకారమే చేశాను. జ్యోతికను పైకి పిలిచాను.

“రేపటి నుంచి ఈడనే కూర్చుని చదువుకో. మూల కంప్యూటర్ తీసేస్తా. కింద సీటుకు పైసలు కట్టకు.”

“ఎందుకు మామా? ఏసీ సీటు దొరకక చస్తున్నరు అందరు.”

“మామ అడ్డ ఉండంగ కిరాయి సీటెందుకు? నాకు తోడు గూడ అయితది.”

“తోడెందుకు, నా డబ్బా నేనే తింటానన్న భయమా?” అని నవ్వింది. “ఈ నెల కట్టేసిన గద, దండుగైతది.”

“పోతే పోనీ.”

దండుగ పోనివ్వడం మా ఇంటి రక్తంలో లేదు. ఆ సంగతి నాకు గుర్తుండాల్సింది. జ్యోతిక తన సీటును మిగిలిన రోజులకు స్నేహితురాలు యాదలక్ష్మికి ఇచ్చేసింది. నల్గొండ వైపు పిల్ల. తండ్రి లచ్చయ్య పెద్ద అంబర్‌పేట్‌లో లారీల దగ్గర హమాలీ. సీటు కట్టే స్తోమత లేక లైబ్రరీ మెట్ల మీద చదువుకునేదట.

ఒకరోజు మెట్ల దగ్గర ఎదురైంది. సన్నగా, నూనె పెట్టి గట్టిగా అల్లిన జడ. చేతిలో స్టీలు డబ్బా.

“జ్యోతిక వాళ్ల మామయ్యనా సార్ మీరు? సీటు నాకే ఇచ్చింది. మంచిగుంది సార్, చల్లగ.”

“వాన పడితే పైకి రామ్మా. మా గదిల కూర్చోవచ్చు.”

ఆమె ఫ్రేము వైపు చూపించింది. “రిపోర్ట్ ఉన్నది గద సార్. కంప్యూటర్ల లెక్క కట్టి ఇచ్చిండ్రంట. జైపాల్ సార్ చెప్పిండు.”

“అయినా రా,” అన్నాను.

“వస్త సార్,” అని దిగిపోయింది. నేను పైకి ఎక్కాను. మెట్ల మీద ఒకసారి ఆగిన మాట నిజం. కిందినుంచి జైపాల్ గొంతు వినిపిస్తోంది.

వాన ఒక సాయంత్రం పడింది. ఇంకా చీకటి పడలేదు. ఎండ కాస్తుండగానే మబ్బు కమ్మింది, ఒక్కసారిగా దించేసింది. మా కిటికీలోంచి చూస్తుంటే గల్లీ పైచివర నుంచి నీళ్లు మోటార్ సైకిళ్లను పక్కకు నెట్టుకుంటూ వస్తున్నాయి. వాచ్‌మన్ ప్లేటు మోగలేదు. మోటరు మాత్రం నడుస్తోంది. దాని చప్పుడు మా గది దాకా వినిపిస్తోంది.

ప్రసన్న లేచి నిలబడింది. “మోటరు అరుస్తోంది సార్. తోస్తోంది, పోవట్లేదు.”

ఇద్దరం మెట్లు దిగాం. సెల్లార్ ర్యాంపు ముందర వేసిన సిమెంటు గట్టు అప్పటికే మునిగింది. నీళ్లు జారుడుబండ మీద జారినట్టు లోపలికి జారుతున్నాయి. పైపొర నున్నగా మెరుస్తోంది. జైపాల్ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి “ఏం గాదు, మోటరు గుంజుతది, కూసోండ్రి, కూసోండ్రి,” అంటున్నాడు.

“పైకి రాండ్రి! అందరు పైకి రాండ్రి!” అని అరిచాను. ఇక పద్ధతి గుర్తులేదు.

పిల్లలు వచ్చారు. చెప్పులు చేతుల్లో పట్టుకుని, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటూ వచ్చారు. ఒకడు “ఫ్రీగ స్విమ్మింగ్ పూల్ గూడ పెట్టినవా అన్నా,” అన్నాడు జైపాల్‌తో. చివర మూలలో ఏసీ కింద నుంచి రావాల్సినవాళ్లకు దూరం ఎక్కువ. యాదలక్ష్మి నోట్సులు బల్ల మీదికి ఎత్తి పెట్టి, ఫోను ఛార్జరు తీయడానికి వంగిందని పక్క సీటు పిల్ల తర్వాత చెప్పింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు బల్ల కింద నేల మీద ఉంది. కరెంటు మెయిన్ ఆపాలని ఎవరో అరిచేసరికి ఆలస్యమైపోయింది. లోపలికి దిగినవాళ్లు ఆమెను ఎత్తుకుని వచ్చారు. జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. గల్లీ నీళ్లలో ఆటో కదలక నలుగురు నెట్టారు. పోయేసరికి ప్రాణం లేదని చెప్పారు.

వరండాలో పిల్లల మధ్య నుంచి జ్యోతిక నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు.

“మామా, నన్ను పైకి గందుకేనా పిలిచింది?”

నేను ప్రసన్న వైపు చూశాను. ప్రసన్న నేల చూస్తోంది.

“నీకు ఎరుకనా?” అంది జ్యోతిక మళ్లీ. “నాకు జెప్పుంటే నేను సీటు ఎవలకన్న ఇస్తుంటినా?”

నేను గదిలోకి పోయి ఆమె బల్ల మీది పుస్తకాలు సర్దసాగాను.

లచ్చయ్య కొన్ని రోజుల తర్వాత వచ్చాడు. బిడ్డ పుస్తకాలు, డబ్బా తీసుకుపోవడానికి. హాలుకు తాళం వేసి ఉంది, జైపాల్ కనబడటం లేదు. వాచ్‌మన్ నా దగ్గరికి పంపాడు. తాళం చెవి తెప్పించి ఇద్దరం కిందికి పోయాం. నీళ్లు పోయాయి, బురద వాసన ఉంది. నోట్సులు బల్ల మీద పొడిగా అట్లాగే ఉన్నాయి. ఆయన వాటిని తువ్వాలలో మూటకట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఫ్రేము ముందర ఆగాడు. పోలీసులు ఒక కాపీ తీసుకుపోయారు గాని దాన్ని దించలేదు.

“సారూ, గీ బొమ్మ గురించి బిడ్డ ఫోన్ల చెప్పింది. నీళ్లొచ్చినా భయం లేదు నాయనా, లెక్క కట్టిండ్రు అన్నది. ఏముంది సారూ దీంట్ల?”

“పైపుల నీళ్లు ఎట్ల పోతయో చూపిస్తది.”

“ఎట్ల పోతయి?”

“సక్కగ, పొరలు పొరలుగ పోతయని చూపిస్తది.”

“మరి పోయినయా?”

“పోలే.”

ఆయన చేత్తో అద్దం మీద బురద చుక్క తుడిచాడు.

“మంచిగుంది బొమ్మ,” అన్నాడు. మూట భుజానికెత్తుకుని బస్సుల వైపు నడిచాడు.

పోలీసులు జైపాల్‌ను తీసుకుపోయారు, తర్వాత వదిలారు. సంతకం పెట్టిన పెద్దమనిషి లెక్క తనది కాదన్నాడు. ఫైలు తనది కాదని సతీష్ అన్నాడు. నన్ను పిలిచి అడిగారు. నేను ఆ పని కాదన్నానని చెప్పాను, అది నిజమే కాబట్టి పంపించేశారు. ఫైలు ఎవరిదని అడిగారు. దాని మీద ఎవరి పేరూ లేదు. నాకు ఇచ్చిపోయినాయన పేరు నాకే గుర్తులేదు. సెల్లార్ ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీల గోదాం.

ఇక లెక్క ముగించాలి. మొదట చేతిలో ఉన్నవాటిలో కంప్యూటర్లు మూడూ నడుస్తున్నాయి. బైండింగ్ మిషను ఉంది. గది లేదు. ఓనరు కిరాయి కాగితం రాయనన్నాడు, ఎల్బీనగర్‌లో మెట్రో స్టేషన్ వెనక చిన్న షట్టరుకు మారాను. ప్రసన్న లేదు. ఆ నెలాఖరుకే మానేసి ఏదో కాలేజీలో పాఠాలు చెప్పడానికి పోయింది. పోయేరోజున బ్యాగులోంచి ఆ మడత పడిన ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టింది. పైపు ఫైలును మూడు కంప్యూటర్లలోనూ తీసేశాను. గల్లీలో దాన్ని ఎవరు తీస్తారు? ఈ ఏడాది పిల్లలు వచ్చి పైపు ప్రాజెక్టు అడిగితే సుడుల లెక్కే చేస్తాను, రేపు రండి అంటున్నాను. పక్క సెంటర్‌లో గంటలో ఇస్తారని పోతున్నారు. ఎందుకు ఆలస్యమో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెబుతున్నాను. కొందరు వింటారు.

లాభం కింద వేసుకోవడానికి ఒక్కటే ఉంది. జ్యోతిక ఉంది. పొద్దున లేస్తుంది, నా కంటే ముందు తిని పళ్లెం కడిగి పెడుతుంది, తలుపు దగ్గరికి వేసి పోతుంది. ప్రతి నెలా ఒకసారి పెద్ద అంబర్‌పేట్ పోయి లచ్చయ్య ఇంట్లో ఒక పూట ఉండి వస్తుందని మా ఆవిడ చెబితే తెలిసింది. నాతో మాట్లాడదు. ఆ సాయంత్రం ఆ మూల సీటులో ఉండాల్సిన పిల్ల మా ఇంట్లో ఉంది, లచ్చయ్య ఇంట్లో లేదు. ఇన్నేళ్ల వ్యాపారంలో నాకు మిగిలింది అదీ.